సుడి మంచిదేనా డాక్టరుగారూ?

కొత్తపేట నుంచి రాజోలు దాకా కొబ్బరితోటల్లోని మకాంలకు మొదట సైకిలు మీద, తరవాత మోపెడ్ మీద తిరిగి పశువులకు వైద్యం చేసినవాణ్ణి. జబ్బు సంగతి అడిగినవాళ్ళకంటే సుడి సంగతి అడిగినవాళ్ళే ఎక్కువ. సూది వేసి చేతులు కడుక్కుంటుంటే ఇంటాయన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "డాక్టరుగారూ, దీని సుడి మంచిదేనంటారా?" అనేవాడు. ఇప్పుడు ఇంట్లో మనవరాలు అడుగుతోంది. అది చూసే మై లిటిల్ పోనీ కార్టూన్లో ప్రతి పోనీకీ తొడమీద ఒక బొమ్మ ఉంటుంది. తనకు ఏ విద్య ఉందో ఆ పోనీకి తెలిసిన రోజున ఆ గుర్తు పడుతుంది. "మన ఆవులకీ అలాగే ఉంటుందా తాతయ్యా?" అంటుంది. దానికి చెప్పినవీ, రైతులకు ఇన్నేళ్ళూ చెప్పినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

1. ఒంటిమీది గుర్తు పుట్టుక సంగతి చెబుతుంది. జరగబోయేది చెప్పదు.

మన జానపద కథల్లో పంచకల్యాణి గుర్రం ఉంది కదా. నాలుగు కాళ్ళూ మొహమూ తెల్లగా, మిగతా ఒళ్ళు వేరే రంగులో ఉంటుంది. రాకుమారుణ్ణి వీపున ఎక్కించుకుని సముద్రాలు దాటిస్తుంది. ఈ నమ్మకం ఒక్క కథల్లోదే కాదు, శాస్త్రాల్లోనూ ఉంది. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో రాసిన బృహత్సంహితలో ఆవుల లక్షణాలకు ఒక అధ్యాయం, గుర్రాల లక్షణాలకు ఇంకో అధ్యాయం కేటాయించాడు. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణవిలాసం పేరుతో గుర్రాల మీద ఒక కావ్యమే చెప్పాడు. గుర్రం మెడమీది సుడికి దేవమణి అని పేరు. గుర్రాన్ని నమ్మి యుద్ధానికి వెళ్ళాల్సిన మనిషి దాని ఒంటిమీద ఏదో ఒక భరోసా వెతుక్కోవడం సహజమే. వాళ్ళని నేను తక్కువ చేయను. అంత శ్రద్ధగా పశువు ఒంటిని అంగుళం అంగుళం చూసినవాళ్ళు ఈ రోజుల్లో ఎందరున్నారు?

అయితే ఆ తెలుపు అక్కడికే ఎందుకొచ్చిందో వాళ్ళకు తెలిసే వీలు లేదు. మనకు తెలుసు. కడుపులో పిండం రూపు కట్టే తొలినాళ్ళలో, రంగునిచ్చే కణాలు వెన్ను పొడవునా పుడతాయి. అక్కణ్ణుంచి పక్కలకూ కిందికీ పాకుతూ వెళ్ళి చర్మమంతా పరుచుకుంటాయి. వెన్నుకు బాగా దూరంగా ఉండేవి నుదురు, మూతి, పొట్ట అడుగు, కాళ్ళ చివర్లు, తోక కుచ్చు. కణాలు తక్కువగా బయలుదేరినా, ఆలస్యంగా బయలుదేరినా ఈ చివర్లకు అందవు. కాలువ కింద శివారు పొలానికి నీరందనట్టే, అక్కడికి రంగు అందదు. అందని చోటు తెల్లగా మిగిలిపోతుంది. పంచకల్యాణి ఐదు తెలుపులూ అవే శివార్లు.

ఆ కణాలు ఎన్ని బయలుదేరాలి, ఎంత వేగంగా వెళ్ళాలి అన్నది తల్లీ తండ్రీ ఇచ్చిన జన్యువుల్లో ఉంటుంది. అందుకే తెల్లకాళ్ళ గుర్రానికి తెల్లకాళ్ళ పిల్ల పుట్టే అవకాశం ఎక్కువ. పరుగూ ధైర్యమూ విశ్వాసమూ ఆ తెలుపులో ఉండవు. అవి ఉంటే గుండెలో, ఊపిరితిత్తుల్లో, కాలి ఎముకలో, పెంచినవాడి చేతిలో ఉంటాయి.

2. ఒకచోట శుభమన్నది ఇంకోచోట లోపం అవుతుంది.

మన దగ్గర మేలైన ముర్రా గేదె అంటే ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడాలి, కొమ్ములు చుట్ట చుట్టుకోవాలి. నుదుటి మీద తెల్లచుక్కో, కాళ్ళకు తెలుపో కనిపిస్తే "ఇది అసలు ముర్రా కాదు, కల్తీ" అని ధర దించేస్తారు. పంజాబులో నీలీ-రావి అనే గేదె జాతి ఉంది. దానికి నుదురు, మొహం, కాళ్ళు, తోక కుచ్చు తెల్లగా ఉంటాయి, కళ్ళు కూడా చాలావాటికి పిల్లికళ్ళే. ఆ తెలుపు ఎంత బాగా కుదిరితే అంత మేలుజాతి అంటారు. దాన్ని అక్కడివాళ్ళు ముద్దుగా పిలిచే పేరు పంచకల్యాణి. ఇక్కడ ధర పడగొట్టిన మచ్చే అక్కడ ధర పెంచుతుంది. ఇందులో మచ్చ చేసిందేమీ లేదు.

3. దుర్లక్షణం అన్న మాట ఎవరి నోట వచ్చిందో, దానివల్ల ఎవరికి లాభమో చూడండి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. సంతలో బేరగాళ్ళు కండువా కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుంటారు. పైకి ఒక్క అంకె వినపడదు. కానీ ఆ చేతులు కలవకముందు జరిగే తంతు అందరికీ వినపడేలా జరుగుతుంది. కొనేవాడి తరఫు మనిషి ఆవు చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తాడు. వెన్ను నిమురుతాడు. ఒకచోట వేలు ఆపి, పెదవి విరిచి, తల అడ్డంగా ఊపుతాడు. "సుడి బాగోలేదండి." అంతే, చుట్టూ నిలబడ్డ పదిమంది మొహాలూ మారిపోతాయి. వెన్నుకు అటూ ఇటూ ఉన్న సుడులు పాడెకర్రలంటాడు, గంగడోలు దగ్గర ఉన్నది ఇల్లు ఖాళీ చేయిస్తుందంటాడు. పక్క ఊరి సంతలో అదే సుడికి వేరే పేరు, వేరే ఫలితం.

ఒక లంకగ్రామంలో భర్త పోయిన ఒక పెద్దావిడ నన్ను పిలిపించింది. ఆవుకి జ్వరమేమో అనుకుని వెళ్ళాను. ఆవు గుండ్రాయిలా ఉంది. మూడో ఈత, పూటకి ఐదు లీటర్లకు తగ్గకుండా ఇస్తోంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది: "దీని సుడే ఆయన్ని తీసుకుపోయిందంటున్నారు బాబూ. ఉంచుకుంటే పిల్లాడికి కూడా మంచిది కాదంట. నిజమేనా?"

"అమ్మా, ఆయనకి గుండె జబ్బు. ఆవుకీ ఆయన గుండెకీ సంబంధం లేదు. ఈ ఇంట్లో ఇప్పుడు డబ్బులు తెచ్చేది ఇదొక్కటే. అమ్మకండి" అన్నాను. ఆవిడ తల ఊపింది. కానీ మాట ఆవిడ చేతిలో లేదు. మరుదులు బేరం తెచ్చారు. దుర్లక్షణం ఉన్న గొడ్డుకి సగం ధర రావడమే గొప్ప అని ఆవిడని ఒప్పించారు. కొన్న బేరగాడు రేవు దాటించి, సుడి మాటే ఎత్తకుండా, దాన్ని పూర్తి ధరకు అమ్మాడు. ఆవు అక్కడా ఐదు లీటర్లే ఇచ్చింది. కొన్నవాళ్ళ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఇటు ఈ ఇంట్లో మాత్రం పాలకేంద్రం నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది, పిల్లాడి చదువు ఆ ఏడాది కుంటుపడింది.

ఆ సుడి పనిచేసిందంటే బేరగాడి జేబులో పనిచేసింది. ఇలాంటివి ఎన్నో చూశాను. దుర్లక్షణం పేరుతో అమ్మేది ఎప్పుడూ దిక్కులేనివాళ్ళే. భూమీ బలగమూ ఉన్న కామందు పాకలో అవే సుడులున్న పశువులు దర్జాగా ఉంటాయి. వాటి సుడి చూసేంత ధైర్యం ఎవరికీ ఉండదు.

4. దూడ రంగు చూసి ఎవర్నీ అనుమానించకండి.

ఒంగోలు ఆబోతు వీర్యంతో సూది వేయించుకున్న రైతు, ఈనిన మర్నాడే పాలకేంద్రం దగ్గర నన్ను పట్టుకుంటాడు. "తెల్లావుకి తెల్ల ఆబోతు సూది వేశారు కదండీ, ఎర్రదూడ పడిందేంటండీ?" ఒంగోలు దూడలు చాలావరకు పుట్టినప్పుడు తుప్పురంగులో ఉంటాయి. కొన్ని నెలలు గడిస్తే ఆ వెంట్రుక రాలి తెల్లబడతాయి. చర్మం నలుపు, ముట్టె నలుపు, తోక కుచ్చు నలుపు మొదట్నుంచీ ఉంటాయి, వాటిని చూసుకోండి. మగవాటికి వయసొచ్చాక తలమీద, మెడమీద, మూపురం మీద బూడిదరంగు మళ్ళీ కమ్ముతుంది. బ్రెజిల్ వాళ్ళు మన ఒంగోలు గిత్తలను తీసుకెళ్ళి నెల్లూరు పేరు మీద నెలోరే జాతి అని పెంచుకుంటున్నారు. ఆ దేశంలో మాంసానికి పెంచే పశువుల్లో పెద్దభాగం అదే. అక్కడా ఎర్రగా పుట్టి తెల్లబడే దూడలుంటాయి.

ఇంకో ముడి హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవులది. నలుపూ తెలుపూ మచ్చల ఆవుకి, నలుపూ తెలుపూ ఆబోతు సూదికి, ఎరుపూ తెలుపూ దూడ పుట్టవచ్చు. ఎరుపు గుణం నలుపు చాటున దాగి ఎన్ని తరాలైనా ప్రయాణం చేస్తుంది. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి దాగి ఉండి, రెండూ ఒకే దూడలో కలిస్తే బయటపడుతుంది. అలాంటి జత కలిస్తే నాలుగు ఈతల్లో ఒకటి ఎర్రదూడ అని లెక్క. తాత పోలిక, ముత్తాత పోలిక అని మన ముసలమ్మలు ఒళ్ళో బిడ్డను పెట్టుకుని అనేది సరిగ్గా ఇదే.

5. వంశం ఒకటైనా మచ్చలు ఒకటి కావు.

రంగులు తల్లిదండ్రుల నుంచే వస్తాయి గానీ అచ్చు గుద్దినట్టు రావు. 2001 డిసెంబరులో అమెరికాలో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంవాళ్ళు మూడురంగుల పిల్లి కణం నుంచి ఒక పిల్లిని క్లోనింగు చేశారు. జన్యువులు ఆ మూడురంగుల పిల్లివే. ఒంటిమీద మచ్చలు మాత్రం దానికి ఉన్నట్టు రాలేదు. మచ్చల ఆవులను క్లోనింగు చేసినా ఇంతే. రంగు కణాలు గర్భంలో నడిచేటప్పుడు ఏ మలుపులో ఎంతసేపు ఆగాయన్నది ఏ రెండు పిండాల్లోనూ ఒకేలా జరగదు.

లంకలవాళ్ళకు ఇది పాఠం చదవకుండానే తెలుసు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలన్నీ మునిగి, ఊళ్ళకు ఊళ్ళు పశువులతో ఏటిగట్టు మీదికి చేరాయి. పలుపుతాళ్ళు తెగిపోయి, ఎవరి గొడ్డు ఎవరి గుంపులో ఉందో తెలియని స్థితి. నీరు తీశాక పంచుకునేటప్పుడు ఆడవాళ్ళే ముందుకొచ్చి తేల్చేవారు. "మాదానికి ఎడమ చెవి వెనక కాసంత తెలుపు ఉంటదండి", "మా పెయ్యకి నుదుటిమీద సుడి పక్కకి ఒరిగి ఉంటదండి." చెయ్యి పెట్టి చూస్తే ఉండేది. రోజూ గడ్డి వేసి పాలు పితికే మనిషికి పశువు ఒంటిమీద తెలియని చోటు ఉండదు. గుర్తుకు ఇంతకంటే పెద్ద ప్రయోజనం నేనెరుగను.

6. అందమైన మచ్చ వెనక జబ్బు ఉండవచ్చు.

ఇది గుర్రాల విషయం. మన కోనసీమలో గుర్రమంటే ఒకప్పుడు జట్కాబండిదే. అయినా తెలుసుకోవాలి, ఎందుకంటే పశువుల జతలు కుదిర్చేవాళ్ళకు ఇంతకంటే పెద్ద హెచ్చరిక లేదు. అమెరికాలో పక్కల మీద చిత్రంగా తెల్లమచ్చలు పరుచుకునే ఒక రకం గుర్రాలున్నాయి. ఆ గుణం ఒక్కవైపు నుంచి వస్తే పిల్ల అందంగా ఉంటుంది. ఆ గుణమున్న రెండు గుర్రాలను జతకడితే నాలుగింట ఒక పిల్ల పూర్తి తెల్లగా పుడుతుంది. పేగుల్లో నరాలు ఏర్పడక, లద్దె రాక, కొద్దిరోజుల్లోనే చచ్చిపోతుంది. రంగు కణాలూ పేగుల నరాలూ పిండంలో ఒక్కచోటి నుంచే బయలుదేరుతాయి. ఈ పిల్లల్లో రెండింటికీ దారి మూసుకుంటుంది.

చిరుతమచ్చల గుర్రాలు మరో సంగతి. ఫ్రాన్సులో పెష్ మెర్ల్ గుహలో దాదాపు 25,000 ఏళ్ళ కిందట గీసిన మచ్చల గుర్రాలున్నాయి. అవి చిత్రకారుడి ఊహే అనుకునేవారు. 2011లో పాత గుర్రాల ఎముకల్లోని డీఎన్‌ఏ చూస్తే, ఆ కాలంలో అలాంటి మచ్చల గుర్రాలు నిజంగానే ఉండేవని తేలింది. ఆ మచ్చల గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తే ఆ గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి. అందం కోసం జతకట్టేవాడు దాని రాత్రులు లాక్కున్నట్టే.

7. పాత మాటలో నిజం ఉంటే ఒప్పుకోవాలి.

సుడి మాటలన్నీ ఉత్తవేనా అంటే, ఒక్కటి మాత్రం ఆలోచించదగ్గది. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే శాస్త్రవేత్త, సహచరులు 1995లో ఒక పరిశీలన ప్రచురించారు. నుదుటి సుడి కళ్ళకంటే పైన ఉన్న పశువులు, కళ్ళ మధ్యనో కిందనో సుడి ఉన్నవాటికంటే, బంధించినప్పుడు ఎక్కువ బెదురుతున్నాయని తేలింది. పిండంలో చర్మమూ మెదడూ ఒకే పొర నుంచి ఏర్పడతాయి కాబట్టి అలా జరగవచ్చని వాళ్ళ ఊహ. బెదురు గొడ్డుని మెల్లగా పట్టాలని చెప్పడానికి ఇది పనికొస్తుంది. యజమాని చావుకు సుడిని కారణం చేయడానికి దీన్లో ఏమీ లేదు.

8. పుట్టిన మచ్చ వేరు, వచ్చిన మచ్చ వేరు.

పుట్టుకతో ఉన్నదాన్ని వదిలేయండి. నిన్న లేనిది ఇవాళ కనిపిస్తే అప్పుడు భయపడండి, వెంటనే పశువుల ఆసుపత్రికి వెళ్ళండి. నల్లగేదె కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ చర్మం తెల్లబారుతుంటే రాగి ధాతువు తక్కువై ఉండవచ్చు, ఖనిజలవణ మిశ్రమం పెట్టాలి. గుండ్రంగా వెంట్రుక ఊడి పొలుసులు కడితే తామర, అది పితికేవాళ్ళ చేతులకూ అంటుతుంది. ఒంటినిండా గడ్డలు లేస్తే ముద్దచర్మ వ్యాధి. 2022లో దేశమంతా పశువులను అది ఎలా తినేసిందో చూశాం. ఇలాంటి మచ్చలకు శాంతులు చేయిస్తూ వారం గడిపితే ఆ వారంలోనే పశువు చేయిదాటిపోతుంది.

వాత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాలు కుంటితే వాత, కడుపు ఉబ్బితే వాత, దిష్టికి వాత. దయచేసి పెట్టకండి. కాల్చిన ఇనుముతో ఏ జబ్బూ పోదు. పుండు పడుతుంది, ఈగలు ముసురుతాయి, పురుగు పడుతుంది. ఆ నోరులేని జీవి ఎన్నాళ్ళు నొప్పి పడుతుందో దాని పక్కన కూర్చుని చూసినవాణ్ణి.

9. పశువు సుడి చూసిన కన్నే ఇంటికొచ్చిన పిల్లను చూస్తుంది.

ఆవుకి సుడి, కోడలికి పాదం. కొత్తకోడలు కాలుపెట్టిన ఏడాదిలో మామగారు పోతే పాదం మంచిది కాదంటారు. నెత్తిన రెండు సుడులున్న కుర్రాడికి రెండు పెళ్ళిళ్ళని నవ్వుతారు. అతనికేం కాదు. అదే ఆడపిల్లకు ఉంటే నవ్వు ఉండదు, సంబంధం తప్పిపోతుంది. గ్రహణ మొర్రితో బిడ్డ పుడితే, ఆ తల్లి గ్రహణం వేళ ఏం కోసిందో ఎక్కడ కూర్చుందో తవ్వితీస్తారు. ఆ మొర్రి గ్రహణంవల్ల రాదు, శస్త్రచికిత్సతో సరిచేయించవచ్చు. తల్లి మీద పడ్డ మాటను సరిచేసే ఆసుపత్రి మాత్రం లేదు.

నుదుటి పైన తెల్లటి జుట్టుపాయతో పుట్టే మనుషులున్నారు. తల్లికి ఉంటే బిడ్డల్లో సుమారు సగంమందికి వస్తుంది. దానికి ఎక్కువగా కారణం కిట్ అనే జన్యువు. గుర్రాల తెల్లమచ్చల్లో చాలావాటికి కారణమైనదీ అదే. కథలో పంచకల్యాణికి హారతి పట్టినవాళ్ళే, అదే జన్యువు ఇచ్చిన తెలుపు ఆడపిల్ల తలమీద కనిపిస్తే బొల్లి అని పక్కకు తప్పుకుంటారు. నా మనవరాలికి ఇది చెప్పాను. అది కాసేపు ఆలోచించి, "ఆ అమ్మాయికి చెప్పు తాతయ్యా, అది పోనీ జుట్టు అని" అంది.

10. కొనేటప్పుడూ, కొన్నాకా చేయాల్సినవి.

పళ్ళు చూసి వయసు తేల్చుకోండి. పొదుగు పితికాక మెత్తగా కుంచించుకుపోవాలి, నాలుగు చన్నుల నుంచీ పాలు సమంగా రావాలి. ముందురోజు సాయంత్రం, ఆ రోజు పొద్దున, రెండు పూటలూ మీ ఎదుట పితికించండి. గిట్టలు చూడండి, నాలుగడుగులు నడిపించండి. టీకాల సంగతి అడగండి. సుడి మాట ఎవరైనా ఎత్తితే ఆయన ఎవరి మనిషో కనుక్కోండి.

ఇంటికి తెచ్చాక చెవికి 12 అంకెల పోగు ఉందో లేదో చూసి, లేకపోతే వేయించండి. బీమా చేయించేటప్పుడు ఒంటిమీది మచ్చలు, సుడులు ఎక్కడెక్కడున్నాయో కాగితం మీద సరిగా రాయించండి. పోగు తెగిపోయిన పశువును గుర్తుపట్టడానికి అవే ఆధారం. మన వేలిముద్రల్లాగే పశువు ముట్టె మీది గీతలు కూడా ఏ రెండింటికీ కలవవు. వందేళ్ళ కిందటే పాడిపశువుల ముట్టెకు సిరా పూసి కాగితం మీద అచ్చు తీసుకునేవారు. ఇప్పుడు సిరా అక్కర్లేదు, చేతిలో ఫోనుంది. ముట్టె తుడిచి, వెలుతురులో దగ్గరగా ఒక ఫోటో, నుదుటి సుడిది ఒకటి, రెండు పక్కలవీ రెండు తీసి, పట్నంలో ఉన్న పిల్లలకు కూడా పంపి ఉంచండి. లంకల్లో ఉన్నవాళ్ళు ఈ పని ఆషాఢం రాకముందే చేసుకోండి.